గులాబీ గీతలు

భూపాలపల్లిలో నేను పనిచేసే గోదాములో రోజంతా ఒకటే చప్పుడు. స్కానర్ మీట నొక్కగానే ఎర్రటి వెలుగు పెట్టె మీద గీతలా పడుతుంది, కీచుమని కూస్తుంది, సరుకు కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. మొన్న ఒక పెట్టె దగ్గర ఆ కూత రాలేదు. రెండోసారి నొక్కాను, మూడోసారి నొక్కాను. స్టిక్కరు చూస్తే శుభ్రంగానే ఉంది. కొత్తగా చేరిన అమ్మాయి "మిషన్ ఖరాబైంది మేడం" అంది. నేను ఆ ఎర్ర వెలుగును అరచేతి మీద వేసుకుని చూస్తూ నిలబడిపోయాను. దానియేలు సార్ గుర్తొచ్చారు. ఆయన నాకు చాలా నేర్పారని అందరికీ చెబుతుంటాను గానీ, ఆయన నేర్పింది నాకు అర్థమైందో లేదో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేదు.

సార్‌ది డోర్నకల్. రైల్వే పార్శిల్ ఆఫీసులో జీవితమంతా పనిచేసి రిటైరయ్యారు. మహబూబాబాద్‌లో అప్పట్లో ఒక ఆడవాళ్ళ సంఘం ఉండేది. కొత్తగూడ వైపు అడవి తేనె కొని, వడకట్టి, సీసాల్లో పోసి అమ్మేవారు. ఆ సంఘానికి ఆయన మేనేజరు, నేను కంప్యూటర్ ఆపరేటర్ని. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. ఒకరోజు బంద్, ఇంకోరోజు రైల్ రోకో. ఆ సందట్లోనే హైదరాబాద్‌లోని ఒక పెద్ద సూపర్ మార్కెట్ వాళ్ళు మా తేనె తీసుకుంటామన్నారు. ఆ ఆర్డరు నిలిస్తే సంఘంలో పద్దెనిమిది మందికి ఏడాది పొడుగునా పని. పోతే సంఘం తలుపులు మూసుకోవడమే. వాళ్ళు పెట్టిన షరతు ఒక్కటే, ప్రతి సీసా మీదా బార్‌కోడ్ ఉండాలి. బార్‌కోడ్ పని నాకొచ్చని కోతలు కోసి ఉద్యోగంలో చేరాను గనుక, అదేమిటని ఎవరినీ అడగడానికి లేకపోయింది.

బార్‌కోడ్ నంబర్లిచ్చే ఢిల్లీ ఆఫీసుకు దరఖాస్తు పెడితే నంబర్లు వచ్చాయి. ఒక్కోటి పదమూడంకెలు. పావుకిలో సీసాకు ఒకటి, అరకిలో సీసాకు ఇంకొకటి, సీసాలు సర్దిన అట్టపెట్టెకు వేరేది. ఉన్న తేనె ఒక్కటే, ఇన్ని నంబర్లెందుకో తలకెక్కడానికి నాకు వారం పట్టింది. సంఘం అధ్యక్షురాలు లక్ష్మక్క ఆ అంకెలన్నీ చదివించుకుని విన్నది.

"గీ నంబర్ల ఎక్కడన్న ఏపీ ఉన్నదా?" అని అడిగింది. పరాచికం కాదు. బండ్ల నంబరు ప్లేట్ల మీద ఏపీ చెరిపి టీజీ అని రాసుకుంటున్న కాలమది.

"లేదక్కా. ముందటి మూడంకెలు ఇండియాలో ఇచ్చినట్టు గుర్తు. గంతే."

"మరి తెలంగాణ వస్తే నంబరు మారదా?"

"మారదు."

"మారకపోతే ఇగ దీనితోని ఏం ఫాయిదా?" అంటూ లేచిపోయింది.

గోదాములో సరుకు పోల్చుకోవడానికి లోపలి నంబర్లు మాత్రం మేమే పెట్టుకోవాలి. నేను రెండు రోజులు కూర్చుని జిల్లా, మండలం, ఊరు, తేనె తీసిన నెల అన్నీ ఇమిడేట్టు ఒక బారెడు నంబరు తయారుచేసి సార్‌కు చూపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "గింత చరిత్ర ఎందుకు బిడ్డా? ఒకటి, రెండు, మూడు అని పెట్టు. అర్థం వేరే కాయితం మీద రాసుకో. నంబర్ల అర్థం వెడితే రేపు అర్థం మారుతది, నంబరు గట్లనే ఉంటది" అన్నారు. నా తెలివి చూసి ఓర్వలేకపోతున్నారనుకున్నాను. తర్వాత వరంగల్ జిల్లా ముక్కలై జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దేనికది జిల్లా అయినప్పుడు గానీ ఆ మాట బోధపడలేదు.

సరుకు ఎలా పంపాలో కనుక్కోవడానికి ఆ సూపర్ మార్కెట్ మేనేజరుకు ఫోన్ చేశాను. "సార్, సీసలు పెట్టెల వెట్టి తోలియ్యాల్నా, ఉత్తగనే తోలియ్యాల్నా?" అన్నాను. అవతల నవ్వు. ఫోను పక్కకు పెట్టి "పెట్టెల వెట్టాల్నా అంట!" అని ఎవరికో నా గొంతుతో చెప్పి వినిపించాడు. ఇంకో ఇద్దరు నవ్వారు. నేను తండాలో పుట్టినదాన్ని. ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీ. ఈ తెలుగు నేను బడికొచ్చాక కష్టపడి నేర్చుకున్నది. తరగతిలో పిల్లలు నా తెలుగుకు నవ్వితే పట్టుదలగా వాళ్ళలాగే మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. ఇప్పుడు ఇంకెవరో ఆ మాటకే నవ్వుతున్నారు. ఏ భాష తరఫున ఏడవాలో తెలియక ఫోన్ పెట్టేశాను.

ఆ కోపంలోనే లేబుల్ రంగు మాట వచ్చింది. ఖర్చు తగ్గుతుందని ఒకే రంగులో అచ్చు వేయిస్తున్నాం. సార్ నలుపు అన్నారు. లక్ష్మక్క గులాబీ అన్నది. ఉద్యమమంతా ఆ రంగు కండువాలే తిరుగుతున్నాయి. "మన తేనె హైదరాబాదుల మన రంగుతోనే కూసోవాలె" అన్నది. అందరికంటే ముందు చెయ్యెత్తింది నేను. సార్ కాసేపు గొణిగి, "సరే, మీ ఇష్టం" అన్నారు. తేనె పేరు, సంఘం పేరు, బార్‌కోడ్ గీతలు అన్నీ తెల్ల కాగితం మీద గులాబీ రంగులో అచ్చయి వచ్చాయి. అంత అందమైన లేబుల్ నేను మళ్ళీ చూడలేదు.

సరుకు పంపిన పది రోజులకు పెట్టెలన్నీ వెనక్కి వచ్చాయి. మీద ఒక చీటీ, "బార్‌కోడ్ పనిచేయడం లేదు" అని. గీతలు కళ్ళ ముందు నిక్షేపంలా కనిపిస్తున్నాయి. మరి పనిచేయకపోవడమేమిటి?

"మన రంగు సూసి వాపస్ తోలిండ్రు" అన్నది లక్ష్మక్క.

"మన మాట అర్థంగాదు, మన గీతలు గూడ అర్థంగావట" అన్నాను నేను.

సార్ తేనె కోసం కొత్తగూడ పోయి ఉన్నారు. ఆయన వచ్చేదాకా ఆగే ఓపిక ఎవరికుంది? నేనే ఉత్తరం రాశాను. మా రంగు చూసి సరుకు తిప్పి పంపారనీ, మా మాటకు ఫోన్‌లో నవ్వారనీ, మీ దుకాణం ముందు కూర్చుంటామనీ. అందరి చేతా సంతకాలు పెట్టించి కొరియర్‌లో పంపాను. అంత హాయిగా నిద్రపోయిన రోజు లేదు.

సార్ వచ్చి అంతా విన్నారు. "సీస ఎవరన్న సరింగ సూసిండ్రా?" అని మాత్రం అడిగారు. మర్నాడు నన్ను రైలెక్కించి జనగామ తీసుకుపోయారు. అక్కడ ఆయనకు తెలిసిన ఒక కిరాణా దుకాణంలో కొత్తగా స్కానర్ పెట్టారు. యజమాని మెడలో గులాబీ కండువా ఉంది, నిన్ననే ధర్నా నుంచి వచ్చాడట. ఆయన మిషన్ సబ్బును చదివింది, టీపొడిని చదివింది. మా తేనె దగ్గరికొచ్చేసరికి నోరు మూసుకుంది. ఆయన బిత్తరపోయి కండువాతోనే మిషన్ తుడిచి మళ్ళీ నొక్కాడు. సార్ ఆ ఎర్ర వెలుగునే చూస్తూ ఏదో ఆలోచనలో పడ్డారు.

మరుసటి రోజు పొద్దున ఇంటి నుంచి ఒక ఎర్ర అద్దం ముక్క తెచ్చారు. వాళ్ళ నాయిన రైల్వేలో గార్డుగా ఉన్నప్పటి చేతిదీపంలోదట. "కంటికి అడ్డం పెట్టుకొని సూడుండ్రి" అన్నారు. చూశాను. సీసా మీద లేబుల్ బోసిగా ఉంది. గీతలు లేవు, అంకెలు లేవు, సంఘం పేరు కూడా లేదు.

"ఓయమ్మ, గీతలు ఏడికి వోయినయ్?" అని లక్ష్మక్క అద్దం తీసి చూసి, మళ్ళీ పెట్టుకుని చూసింది.

"ఏడికీ పోలె. ఎర్ర ఎలుగుకు తెల్ల కాయితం, గులాబీ గీత రెండు ఒక్కతీర్గనే కనవడ్తయి. మిషన్‌ది గూడ ఎర్ర ఎలుగే."

"అంటే మనను కావాల్నని ఎల్లగొట్టలేదా?"

"లేదు."

విచిత్రమేమిటంటే ఎవరికీ సంతోషం కలగలేదు. చేతిలో ఉన్న కోపాన్ని ఎవరో లాక్కున్నట్టు అందరూ దిగాలుగా కూర్చున్నారు. నాకు మాత్రం ఉక్రోషం వచ్చేసింది. "మరి ఫోన్ల నవ్విండు గద సార్, గది గూడ ఎర్ర ఎలుగేనా?" అన్నాను. సార్ నల్ల గీతల స్టిక్కర్లు అచ్చు వేయించి సీసాల మీద అంటించమన్నారు.

మూడు రోజుల తర్వాత ఇద్దరం హైదరాబాద్ వెళ్ళాం. మేనేజరు బల్ల మీద నా ఉత్తరం విప్పి ఉంది. సార్ నల్ల గీతల సీసాను ఆయన మిషన్ కింద పెట్టారు. కూసింది. "తప్పు మాదే సార్. రంగు ఎంచుకునుడు మాకు తెల్వలే. మీరు రంగు సూసి తోలిండ్రని రాసింది తప్పు" అన్నారు. మేనేజరు ముఖం విప్పారింది. "అదేనండీ, మీలాంటి పెద్దవారు ఒకరుండాలి" అన్నాడు. నా ముందే, నన్ను ఎగతాళి చేసిన మనిషి దగ్గర, నా తరఫున తలవంచుతున్నారే అని నాకు ఏడుపొచ్చింది.

సార్ జేబులోంచి కలం తీశారు. ఉత్తరాన్ని తన వైపు తిప్పుకుని, రంగు గురించి రాసిన వాక్యాన్నీ, దుకాణం ముందు కూర్చుంటామన్న వాక్యాన్నీ తడుముకోకుండా కొట్టేశారు. ఫోన్‌లో నవ్వారన్న వాక్యం అలాగే ఉంచి, దాని కింద తన సంతకం పెట్టారు. ఉత్తరాన్ని మేనేజరు ముందుకు జరిపారు.

"గిది మాత్రం మా తప్పు గాదు. గీ బిడ్డ మాటకు మీరు నవ్విండ్రు. గీ ఒక్కటి వాపస్ తీసుకోం" అన్నారు.

మేనేజరు ఉత్తరం వైపు చూశాడు, నా వైపు చూశాడు. క్షమాపణ చెప్పలేదు. "సోమవారం లోపు సరుకు పంపండి" అన్నాడు.

తిరుగు రైల్లో అడిగాను, "ఆయన నవ్వింది మన తెలంగాణ మాటకా సార్, నా తండా యాసకా?"

"నాకేం తెల్సు బిడ్డా. నవ్విండన్నదైతే నిజం."

"మరి మనం గెల్చినమా, ఓడినమా?"

"సరుకైతే పోతది గద" అని కిటికీ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నారు.

సరుకు పోయింది. ఆర్డరు నిలిచింది. రాష్ట్రం వచ్చింది. దానియేలు సార్ పోయారు. నాకు ఎవరి మీదైనా కోపం వస్తే ఇప్పటికీ ఒక కాగితం తీసుకుని అన్నీ రాస్తాను, ఆఫీసు వాళ్ళ మీదా, మా ఇంటాయన మీదా, ఒక్కోసారి సొంత రాష్ట్రం మీద కూడా. రాశాక ఏది కొట్టేయాలో, దేని కింద సంతకం పెట్టాలో తేలదు. ఒకసారి అన్నీ నిజమే అనిపిస్తాయి, ఇంకోసారి అన్నీ నా తప్పే అనిపిస్తాయి. కలం పట్టుకుని అలా గంట కూర్చుంటాను. ఆయనకు ఆ రోజు అరనిమిషం పట్టలేదు.