బాకీ అంటే మిగిలింది

రాయపూర్‌లో పక్కింటివాళ్లు పలకరించేటప్పుడు సంగతులన్నీ అయ్యాక చివర్న "బాకీ సబ్ ఠీక్?" అంటారు. మిగతాదంతా బాగేనా అని దానర్థం. శ్రీకాకుళం నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చిన మా నాన్న ఆ మాట వింటే ముఖం ముడుచుకునేవాడు. మనకి బాకీ అంటే తీర్చని అప్పు. గుమ్మంలో నిలబడి నలుగురూ వినేలా అడిగే మాట కాదు. నేను ఇక్కడే పుట్టాను కాబట్టి నాకు రెండు బాకీలూ తెలుసు. మా అక్క మొగుడు మాత్రం ముప్పై దాటాక ఇక్కడికి వచ్చాడు. హిందీ ధారాళంగానే మాట్లాడతాడు గాని, ఆ ఒక్క మాట దగ్గర అతని చెవి శ్రీకాకుళంలోనే ఉండిపోయింది.

బావ శంకర్ నగర్‌లో ఒక ఆఫీసుకి కారు పెట్టి తనే నడిపేవాడు. అయిదేళ్ల ఫైనాన్సు మీద కొన్న కారు. రెండేళ్లు ఒక్క వాయిదా తప్పలేదు. అప్పుడు షుగరు కంట్లోకి దిగింది. ఎదురొచ్చే బండి లైటు పగిలిపోయినట్టు కనబడుతోందని మొదట అన్నాడు. తర్వాత పగలు కూడా బోర్డులు చదవలేకపోయాడు. ఇక స్టీరింగ్ పట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు. డ్రైవరుని పెట్టుకుంటే అతని జీతం, నెల వాయిదా పోగా డీజిలుకి కూడా మిగలదు. కారు వదిలించుకోవాల్సిందే.

ఆ ఆదివారం వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. నేను టాటీబంధ్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లారీ సరుకుల బిల్లులు రాస్తాను.

"ఏటి మరదలా, ఆదివారం పూట కూడా డీజిలు వాసనొస్తన్నావు," అన్నాడు బావ నన్ను చూడగానే. చూడగానే అన్నాను గాని, గొంతు విన్నాకే నేనని పోల్చుకున్నాడు.

అక్క నవ్వలేదు. "రేపు కారు ఇచ్చేస్తారట," అంది కంచాలు పెడుతూ.

"ఎవరికి? ఎంతకి?"

"ఎంతకీ లేదు," అన్నాడు బావ. "మీ టాటీబంధ్‌లోనే ఒకాయన. కారు తీసుకుని మిగతా కిస్తీలు ఆయనే కట్టుకుంటాడట. నాకు పైసా ఇయ్యడు, నాను పైసా ఇయ్యక్కర్లేదు."

"కాగితాలు?"

"నా పేరు మీదే ఉంటాయి. కిస్తీలన్నీ అయిపోనాక మార్చుకుంటాడు."

అలా చేతులు మారిన బళ్లు మా ఆఫీసు చుట్టుపక్కల చాలా చూశాను. కొత్తాయన కొన్ని నెలలు కడతాడు. తర్వాత ఫోను ఎత్తడు. ఫైనాన్సువాళ్లు కాగితం మీద ఎవరి పేరుంటే వాళ్ల గుమ్మంలోకి వస్తారు. బండి ఎవరినైనా గుద్దితే పోలీసులూ అక్కడికే వస్తారు. చూపు పోతున్న మనిషి, తన చేతిలో లేని కారుకి మూడేళ్లపాటు పూచీ పడి ఉండాలి.

"అమ్మేసి లోను మూసెయ్యొచ్చు కదా బావా?"

అతను గొంతు తగ్గించాడు. "మూడు లక్షల నలభై రెండు వేలు బాకీ ఉన్నానే. అమ్మితే మూడు ముప్పై వస్తాది. ఎదురు పన్నెండు వేలు పెట్టి అమ్మమంటావేటి?"

బాకీ అన్న మాట రాగానే అక్క లేచి వీధి తలుపు దగ్గరగా వేసింది.

"ఎన్ని వాయిదాలు తప్పావు?" అన్నాను.

"తప్పడమేటి? ఒక్కటీ తప్పలేదు," అన్నాడు కోపంగా.

"మరి బాకీ ఎలా ఉంటావు?"

"ఆల్లే సెప్పినారు. ఫోన్లో. ఛత్తీస్ కిస్త్ బాకీ హై అని. ముప్పయ్యారు. ఒక్కోటి తొమ్మిదిన్నర వేలు. నువ్వే గుణించు, లెక్కలదానివి కదా."

గుణించక్కర్లేదు. గుణకారం సరిగానే ఉంది, మాటే తప్పు. "వాళ్లన్నది హిందీ బాకీ బావా. ఇంకా ముప్పై ఆరు నెలలు మిగిలాయని. నువ్వు విన్నది మన బాకీ."

అతను చారు కలుపుకున్నాడు. "ఏ బాసలో అన్నా కట్టాల్సిందే కదా."

"అద్దింట్లో రెండేళ్లుండి ఖాళీ చేస్తే, రాబోయే మూడేళ్ల అద్దె కడతావా?"

"ఎందుకు కడతాను?"

"వడ్డీ అంటే డబ్బుకి అద్దె. ఆ తొమ్మిదిన్నర వేలలో కొంత అసలు, కొంత అద్దె. డబ్బు ఇవాళ వెనక్కిచ్చేస్తే, రేపటి అద్దె లేదు."

"అలాగైతే ఆ ఇంటాయన ఊరికే వదిలేస్తాడేటి?" అంది అక్క తలుపు దగ్గర నుంచే. ఆ ప్రశ్న నేను అప్పుడే పట్టించుకుని ఉండాల్సింది.

నేను పదో తరగతి దాకానే చదివాను. అసలు, వడ్డీ విడదీయడం నా స్కూటర్ లోను మీద నేర్చుకున్నాను. నెల నెలా తగ్గే అసలు మీద వడ్డీ వేసుకుంటూ, ఆఖరి నెలలో సున్నా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేశాను. ఆ మధ్యాహ్నం బావ కారుకీ అలాగే చేశాను. అసలు రెండు లక్షల డెబ్బై ఆరు వేల చిల్లర తేలింది. కారు అమ్మితే అది తీర్చగా యాభై వేల పైచిలుకు మిగలాలి. కంట్లో వేయించుకోవలసిన ఇంజెక్షన్లకి డబ్బెలాగని అక్క నెలరోజులుగా మథనపడుతోంది.

బావ టాటీబంధ్ ఆయనకి ఫోను చేసి రెండు రోజులు ఆగమన్నాడు. రేపు ఇస్తానన్న మాట అలా వాయిదా వెయ్యడం అతనికి చాలా కష్టమైంది. ఫోను పెట్టేశాక కూడా తల దించుకునే కూర్చున్నాడు.

మర్నాడు బావా నేనూ ఆటోలో ఫైనాన్సు ఆఫీసుకి వెళ్లాం. కౌంటర్లో ఒక చిన్న వయసు అమ్మాయి కంప్యూటర్ చూసి, "ఛత్తీస్ కిస్త్ బాకీ హై, సర్," అంది.

"ఏక్ భీ బాకీ నహీఁ హై, మేడమ్," ఒక్కటీ లేదన్నాడు బావ. నిన్నంతా చెప్పింది ఏమైందో, ఆ మాట చెవిన పడగానే రోషం వచ్చేసింది.

"హై న, సర్. ఛత్తీస్."

"కభీ లేట్ నహీఁ కియా హమ్," ఎన్నడూ ఆలస్యం చెయ్యలేదని బావ.

ఆ అమ్మాయి తికమకపడి నావైపు చూసింది. మా భాషలో ఆ మాటకి అర్థం వేరని, లోను ముందుగానే మూసేయాలనుకుంటున్నామని చెప్పాను. ఆమె నవ్వేసింది. బావకి మంచినీళ్లు తెప్పించింది. "అంకుల్ కా రికార్డ్ తో ఏక్‌దమ్ సాఫ్ హై," ఒక్క మచ్చా లేదంది. అతను నిటారుగా కూర్చున్నాడు.

ఆమె చెప్పిన మొత్తం రెండు లక్షల తొంభై మూడు వేలు. నా లెక్క కంటే పదిహేడు వేలు ఎక్కువ. ఎక్కడ తప్పానో తెలియక, ఆ ఎక్కువ దేనికని అడిగాను. ఆమె అగ్రిమెంట్లో ఒక పేరా చదివి వినిపించింది. గడువుకి ముందే మూసేస్తే మిగిలిన అసలు మీద నూటికి ఇంతని రుసుము, ఆ రుసుము మీద పన్ను. అక్క అడిగింది అదే. ఇంటాయన ఊరికే వదల్లేదు.

"లెక్కలదానా," అన్నాడు బావ తెలుగులో, మెల్లిగా. "ఇల్లు ఖాళీ సేస్తే గోడలకి సున్నం ఎయ్యాలని డబ్బులు అడగరేటే?"

అప్పటికీ కారు ధర కంటే తక్కువే. టాటీబంధ్ ఆయనకి ఇక కారు ఇవ్వనని బావ చెప్పేశాడు. మా ఆఫీసు లారీలకి డీజిలు పోసే బంకు మేనేజరు కారు చూసి మూడు ముప్పైకి ఒప్పుకున్నాడు. ఫైనాన్సుకి ఇవ్వవలసింది నేరుగా ఆ కౌంటర్లోనే కట్టాడు. ఇంకేమీ రావలసింది లేదని ఫైనాన్సువాళ్లు ఇచ్చే ఎన్‌ఓసీ వచ్చి, ఆర్‌సీలో వాళ్ల పేరు కొట్టేసి, కారు ఆయన పేరుకి మారాకే మిగతా ముప్పై ఏడు వేలు తీసుకుని బావ తాళం ఇచ్చాడు. ఇచ్చేముందు సీటు కింద చెయ్యి పెట్టి వెతికి, అక్క ఎప్పుడో పారేసుకున్న చెవిదిద్దు మర తీశాడు.

ఆ సాయంత్రం అక్క వీధి తలుపు తీసే ఉంచింది. బావ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కారు ఉండే చోట పక్కింటాయన స్కూటర్ నిలిపి, ఎప్పటిలాగే అవీ ఇవీ మాట్లాడి, "బాకీ సబ్ ఠీక్?" అన్నాడు.

"బాకీ కుఛ్ నహీఁ, భాయ్‌సాబ్," అన్నాడు బావ.

ఇక విశేషాలేమీ లేవన్నాడనుకుని ఆయన తలూపి లోపలికి వెళ్లిపోయాడు. బావ అక్కవైపూ నావైపూ తిరిగి, మేము విన్నామా లేదా అని అడిగాడు.