ఆషాఢంలో ఇల్లు మారితే వ్యాను చవక

పెళ్లిళ్ల నెలల్లో మా వైపు వ్యాను దొరకదు. దొరికినా డ్రైవరు కొత్త అల్లుడిలా మాట్లాడతాడు. ఆషాఢం వచ్చిందంటే అదే డ్రైవరు వీధి చివర నిలబడి "ఏటైనా పనుందా బాబూ" అని అడుగుతాడు. పెళ్లి లేదు, గృహప్రవేశం లేదు, ఇల్లు మారేవాడు అసలే లేడు. ఇంత మంచి నెలని జనం చెడ్డనెల అని ఎందుకంటారో నాకు ఇప్పటికీ తెలీదు.

నెల్లిమర్లలో మేమున్న ఇల్లు పడగొట్టి మేడ కడతానని ఇంటాయన చెప్పినప్పుడు నాకు మొదట తోచింది ఇదే. జూట్ మిల్లులో నా పని అయిపోయి అప్పటికి కొన్నేళ్లయింది. ఎక్కడున్నా ఒకటే. మా బామ్మర్దికి ఆమదాలవలసలో బియ్యం కొట్టు ఉంది. దాని వెనక సందులో మాకు రెండు గదులు చూసిపెట్టాడు. వాడి వ్యాను బస్తాలు దింపడానికి నెల్లిమర్ల వస్తుంది, ఖాళీగా తిరిగి వెళ్తుంది. ఆ ఖాళీలో నా సంసారం ఎక్కించేస్తే డీజిలు డబ్బులతో పోతుంది. అయితే జ్యేష్ఠంలో వాడికి పెళ్లి బియ్యం ఆర్డర్లు. "ఆషాఢం దాకా ఆగు బావా, వ్యాను నీదే" అన్నాడు.

నేను ఆగుతానన్నాను. మా ఆవిడ ఆగనంది.

"సెడ్డనెల్లో కొత్త గడప తొక్కుతామేటి? నాను రాను."

"అయితే ఇప్పుడు బయట వ్యానుకి రెండింతలు నువ్విస్తావా?"

"నాకాడేటున్నాది ఇయ్యడానికి? నీ సామాను తగ్గించు. బండెడు చెత్త ఎవుడు మొయ్యమన్నాడు?"

ఆ చెత్త ఏమిటో చెప్పాలి. మిల్లు వేలంలో కొన్న గోనెసంచుల కట్టలు, వెదురు నిచ్చెన, చెయిను లేని సైకిలు, ఒక కాలు పోయిన కుర్చీ, గుడ్డ లేని గొడుగులు, కూలిపోయిన మా ఊరి ఇంటి నుంచి తెచ్చుకున్న తలుపు రెక్క. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, మా ఆవిడ దగ్గరే. ఈ పట్టీ చదివి, చాలా తగ్గించి రాశావంది. ఏదైనా ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది. వీటిలో ఒక్క పుల్ల కూడా వదిలేది లేదని నేను గట్టిగా చెప్పేశాను. పాత ఇనుమువాడు మా గుమ్మం ముందు బండి ఆపడం ఎప్పుడో మానేశాడు.

పంతులుగారు మధ్యలో ఒక దారి చెప్పారు. జ్యేష్ఠం పోకముందే మంచిరోజు చూసి దేవుడి పటం, పొయ్యి, ఉప్పు, పసుపు పట్టుకెళ్లి పాలు పొంగించేస్తే ఇల్లు చేరినట్టే. సామాను తర్వాత ఎప్పుడొచ్చినా దోషం లేదు. నేను సంతోషంగా దక్షిణ ఇచ్చి వచ్చేశాను. ఇద్దరం ప్యాసింజరు ఎక్కాం. గ్యాసు పొయ్యి నా ఒళ్లో ఉంది. సిలిండరు బామ్మర్ది అక్కడ పెడతానన్నాడు. ఎదుటి సీటాయన పొయ్యిని చాలాసేపు చూసి "దీనికీ టికెట్టు తీశారా?" అని అడిగాడు.

పాలు బాగానే పొంగాయి. తిరుగు రైలు వేళకి నేను లేచాను. మా ఆవిడ లేవలేదు.

"పాలు పొంగిన పొయ్యి ఎనక్కి రాదు. దీపం ఎట్టిన ఇల్లు సీకటిగా ఒగ్గకూడదు."

"ఎవరు చెప్పారు?"

"పంతులుగారే సెప్పారు. నువ్వు దచ్చిణ ఇచ్చేసి బేగి ఎలిపోనావు."

అలా పొయ్యి, దేవుడు, మా ఆవిడ ఆమదాలవలసలో. నేను, నా సామాను నెల్లిమర్లలో. సామాను వదిలేసి రావచ్చు కదా అని మీరనుకోవచ్చు. దొంగలుంటారు.

ఆషాఢం వచ్చింది. మా వైపు కొత్తగా పెళ్లయిన పిల్లని ఆ నెలంతా పుట్టింటికి తీసుకుపోతారు, అల్లుడు అత్తారి గడప తొక్కకూడదు. నేను ఒంటరిగా టీ కొట్టుకి వెళ్లిన మొదటి రోజే కొట్టువాడు పట్టుకున్నాడు.

"ఏటి మావా, పిల్లని ఆషాఢానికి పట్టుకెల్లిపోనారా?"

"ఏళాకోళం ఆపి టీ పొయ్యరా."

"బెంగెట్టుకోకు. శ్రావణంలో పంపేస్తారులే."

బల్లమీదున్న వాళ్లందరూ నవ్వారు. మర్నాటి నుంచి నా పేరు కొత్త పెళ్లికొడుకు.

మెస్సులో సాంబారు రోజుకోలా పలచబడేది. రెండు రోజులకోసారి రైలెక్కి ఆమదాలవలసలో తిని వచ్చేవాణ్ణి. వ్యాను ఎప్పుడురా అని బామ్మర్దిని అడిగితే వాడు కొట్టు ముందు కూర్చుని పళ్లు కుట్టుకుంటున్నాడు.

"నెల్లిమర్లకి ఆర్డరు లేదు బావా."

"ఎందుకు లేదు?"

"పెళ్లిళ్లు లేకపోతే అంత బియ్యం ఎవడు కొంటాడు?"

నిజమే. వ్యాను చవకైన నెలలో వ్యాను ఎందుకు చవకో నేను ఆలోచించలేదు. వేరే వ్యాను మాట్లాడొచ్చు. కానీ అంత ఆగి, ఇన్ని సాంబార్లు తాగి, ఇప్పుడు బయటవాడికి బాడుగ ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు.

ఇంతలో అసలు ప్రమాదం ఇంకోవైపు పెరుగుతోంది. వెళ్లిన ప్రతిసారీ ఆ ఇల్లు అలాగే ఖాళీగా ఉండేది. ఒక చాప, రెండు కంచాలు, గోడకి మేకు, మేకుకి చీర. ఒక మధ్యాహ్నం వెళ్లేసరికి మా ఆవిడ గది నడిమధ్య చేతులు రెండూ చాపుకుని పడుకుని ఉంది. జబ్బేమో అనుకున్నాను.

"ఏటయింది?"

"ఏటీ అవలేదు. సేతులు సాపితే దేనికీ తగల్లేదు, సూడు. తుడిస్తే తుడిసినట్టుంటాది మావా ఇల్లు."

ఆ మాట నాకు నచ్చలేదు. తిరుగు రైల్లో అదే గుర్తొచ్చింది. నెల్లిమర్ల ఇంట్లో ఆవిడ వంటగదిలోకి పక్కకి తిరిగి వెళ్లేది. నిచ్చెన అడ్డం. అలా నడవడం ఆవిడ అలవాటనుకున్నాను.

ఆషాఢం చివర్లో ఎవరికో సమారాధన పడింది, వ్యాను వచ్చింది. ఒక్క పుల్ల వదలకుండా ఎక్కించాను. డ్రైవరు పక్కన సీటుంది గానీ తలుపు రెక్క జారిపోతుందని నేను వెనకే దాన్ని పట్టుకుని కూర్చున్నాను.

సందులో వ్యాను ఆగేసరికి మా ఆవిడ కొంగు బొడ్లో దోపుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మంచం దించండి. బీరువా దించండి. గిన్నెల మూట ఇలాగియ్యండి. అదేటి?"

"తలుపు" అన్నాను.

"ఈ ఇంటికి తలుపులున్నాయి. ఆషాఢంలో పాత తలుపు కొత్తింట్లోకి రాకూడదు."

"మంచం రావొచ్చా?"

"మంచం మీద తొంగుంటాం. దానికి నెలేటి?"

సైకిలూ రాకూడదు. కుర్చీ అసలే రాకూడదు. నేను నమ్మని శాస్త్రంలో ఇన్ని ఉన్నాయని నాకేం తెలుసు. బామ్మర్ది మధ్యకొచ్చాడు. "నా గొడౌన్లో ఎట్టుకో బావా. అద్దె అడగను. గోనెసంచులు మాత్రం నా బియ్యానికి వాడేసుకుంటాను."

"నా సామాను రాకపోతే నేనూ దిగను" అన్నాను.

డ్రైవరు వాచీ చూసుకున్నాడు. "మావా, నాకింకో ట్రిప్పున్నాది."

"ఆయన్ని కూడా గొడౌన్లోనే దించెయ్యి బాబూ" అంది మా ఆవిడ. "కూడు మాత్రం ఇక్కడే ఉడుకుతాది."

లోపలి నుంచి ఎండు నెత్తళ్ల చేపల కూర వాసన వస్తోంది. మెస్సులో నెలరోజులు తిన్నవాడికి అది ఎలాంటి వాసనో చెప్పక్కర్లేదు. దిగాను. వ్యాను నా తలుపుని తీసుకుని గొడౌను వైపు వెళ్లిపోయింది.

లోపలికెళ్లి చాప మీద కూర్చున్నాను. మంచం ఒక గోడకి, బీరువా ఇంకో గోడకి. మధ్యలో ఏమీ లేదు. మా ఆవిడ కంచం పట్టుకుని తిన్నగా నడిచి వచ్చింది.

"ఆ కుర్చీ అయినా రేపు తెచ్చేస్తాను" అన్నాను. గది ఖాళీ కదా, నా గొంతు గోడలకి కొట్టుకుని నాకే తిరిగొచ్చింది.

ఆవిడ కూర వడ్డిస్తూ అంది: "అరవకు మావా. ఈ ఇంట్లో మెల్లగా సెప్పినా వినబడతాది."