ముగింపు చూడని పర్దా పెద్దమ్మ

ఆదివారం ఆరాధన ముగిసి చర్చి మెట్లు దిగుతుంటే మా చెల్లెలు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, పర్దా పెద్దమ్మ పోయిందట," అంది. మళ్లీ లోపలికి వెళ్లి కాసేపు మోకరించాను. ఆమె విషయంలో నేను ఒప్పుకోవలసింది ఒకటి ఉంది. దేవుడికి ఎప్పుడో చెప్పుకున్నాను. మీకూ చెప్పాలి.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. నాంపల్లిలో మా పక్కింటి ఆమె, చిన్న వయసులోనే భర్త పోయాడు. నిజాం కాలంలో, స్టేషను నుంచి ఆబిడ్సుకు వెళ్లే దారిలో ఒక సినిమా హాలు ఉండేది. అందులో ఆడవాళ్లు కూర్చునే జనానాకు ముందు నల్లటి పర్దా. దీపాలు ఆరగానే పర్దా తీయాలి, బొమ్మ ముగిసి మళ్లీ వెలిగేలోపు వేసెయ్యాలి. మగవాళ్ల కంట మేము పడకూడదు. ఆ తాడు పెద్దమ్మ చేతిలో ఉండేది. మా వెనక పైన, బొమ్మ ఆడించే మిషను గది కిటికీలో ఎర్ర బల్బు వెలిగితే పర్దా వెయ్యమని గుర్తు. దానికోసం ఆమె తెరకు వీపు పెట్టి నిలబడేది. అన్నేళ్లూ ఒక్క బొమ్మ ముగింపూ చూడలేదు. మర్నాడు పొద్దున నేను చెప్పవలసిందే.

ఇంట్లో కూడా దీపం పెట్టే ముందు, "దీపం వెడ్తున్న, జర సర్దుకోండ్రి," అనేది. ఎదుట ఎవరూ లేకపోయినా అనేది.

ఒకసారి తప్పిపోయిన కూతురి కథతో ఒక బొమ్మ వచ్చింది. ఏడుపులో ముగింపు నాకూ సరిగా కనపడలేదు, పెద్దమ్మ వారం రోజులు అందరినీ అడిగింది. "ఒకామె బిడ్డ దొరికిందంటది, ఇంకొకామె దొరకలేదంటది. అందరు ఏడ్సుకుంట కూసున్నరు, సక్కగ జూసినోళ్లు ఒక్కరు లేరు," అని నవ్వింది.

"తాడు నాకియ్యి పెద్దమ్మా, ఇయ్యాల నువ్వు జూడు," అన్నాను. నాకు పన్నెండేళ్లు.

"బల్బు మీదికెళ్లి కన్ను తియ్యకు బిడ్డా."

తీశాను. తెర మీద ఆ పిల్ల గడప దగ్గర ఆగింది, నేను అటు తిరిగిపోయాను. దీపాలు వెలిగాయి. పర్దా తెరిచే ఉంది. మగవాళ్లు వెనక్కి తిరిగారు. కేకలు, మొహాల మీదికి కొంగులు. పెద్దమ్మ తాడు లాక్కుంది. మేనేజరు రాగానే, "నా చెయ్యి జారింది సాబ్," అంది. రేపటినుంచి రావద్దన్నాడు. పక్కనే నిలబడి నేను నోరు విప్పలేదు.

రెండు నెలలు ఆమె ఇంట్లో కూర్చుని రవికెలు కుట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. కొత్తగా వచ్చినామె భయం కొద్దీ ముగింపుకు ఎంతో ముందే పర్దా వేసేసేది. "సగం బొమ్మకు పిలిచిన్రా మమ్ముల?" అని జనానా అంతా లేచింది. పెద్దమ్మకే మళ్లీ కబురు వచ్చింది.

ఇన్నేళ్లకు, కిందటి నెల దవాఖానలో ఆమెను అడిగాను. "ఆ రోజు నా పేరెందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"జెప్తే మీ నాయన నిన్ను మల్ల పంపుతుండెనా? నాకు ముగింపులెవరు జెప్తరు?"

"ఆ ఒక్క ముగింపన్నా చూశావా?"

"యాడ బిడ్డా. అలవాటు లేక నీ మొహమే జూస్కుంట నిలవడ్డ. పిల్ల దొరికిందని నీ మొహంలనే తెలిసింది."

ఇప్పుడు ప్రార్థనకు కళ్లు మూస్తే ఆ హాలే కనిపిస్తోంది. మేమంతా తెర వైపు. ఆమె ఒక్కతే ఆ వెలుగుకు వీపు పెట్టి, తాడు పట్టుకుని, మా వైపు.