పొద్దు గూకినా చల్లారని పెట్టె

"ఆ పెట్టె అంటుకుంటే పాపను ఎత్తుకుని ఎటు దిగాలి?" రోజూ ఇదే నా భయం. తెల్లాపూర్‌లో మాది చివరి అంతస్తు. పాప పడుకునే గదికి సరిగ్గా పైన టెర్రస్ మీద సోలార్ ఇన్వర్టర్ పెట్టె ఉంది.

మా అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్ మైసయ్య బాలానగర్‌లో ఇరవై ఏళ్లు మోటార్లకు తీగ చుట్టినవాడు. సోలార్ కరెంటు ఎందుకు తగ్గిందని మేం అడిగితే, మైసయ్య ప్యానెళ్లు కడగడం లేదని వాటిని పెట్టిన ఇంజనీరు శ్రీకర్ ఫిర్యాదు రాశాడు. దాని కింద నేనూ సంతకం చేశాను. మైసయ్యను గేటు కాపలాకు మార్చారు.

నెల తర్వాత, ఒకరోజు పొద్దు గూకగానే, మైసయ్య శ్రీకర్‌ను, మమ్మల్నందరినీ టెర్రస్ మీదికి పిలిచాడు.

"ఎండ పోయింది గద సారూ, పెట్టె సల్లగుండాలె. జర ఎనక చెయ్యి వెట్టుండ్రి."

"యాప్‌లో అంతా నార్మల్‌గానే ఉందండి," శ్రీకర్ ఫోన్ చూపించాడు.

"యాపుకు చెయ్యి లేదు, నీకుంది. వెట్టు."

శ్రీకర్ ముట్టుకుని చటుక్కున చెయ్యి లాక్కున్నాడు.

"ఇంకోపారి వెట్టు. అందరు సూడాలె."

లిఫ్టు మోటార్లలో అయస్కాంత క్షేత్రానికి కావలసిన రియాక్టివ్ పవర్‌ను ఇరవైనాలుగు గంటలూ ఇచ్చేలా ఇన్వర్టర్‌ను సెట్ చేసింది శ్రీకరే. అందుకోసం అదనపు కరెంటు లోపల తిరుగుతూ, కొంత శక్తిని వేడిగా పోగొడుతోంది. సోలార్ కరెంటు తగ్గింది అందుకే, ప్యానెళ్ల మురికి వల్ల కాదు. ఫిజిక్స్ చదివిన నాకిది తట్టనే లేదు.

శ్రీకర్ క్షమాపణ అడిగాడు. మైసయ్య దాన్ని కాగితం మీద రాయించుకుని, తాను నెల రోజులు నిలబడ్డ గేటుకే అంటించాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"సంతకం వెట్టే ముందు చెయ్యి వెట్టి సూడమ్మా."

ఇప్పుడు పాప ఏడిస్తే, సరిగా చూసుకోలేదని ఆయాను తిట్టే ముందు పాప నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తున్నాను.