రావమ్మ బలం బిళ్లలు

గిలకలదిండి రావమ్మ ఎండు నెత్తళ్ల చేపల గంపతో తొలి బస్సెక్కి గుడ్లవల్లేరు చేరేది. వీధులన్నీ తిరిగి అమ్ముకుని ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోయేది. అప్పటిదాకా ఆవిడ కడుపులో పడేది టీ నీళ్లూ, ఒక బలం బిళ్లా. ఎప్పుడో నీరసంగా ఉందంటే మందుల షాపతను ఇచ్చాడు. అది మింగితే అన్నం తిన్నట్టేనని ఆవిడ నమ్మకం. మొగుడు గణపతి మాత్రం ఖాళీ కడుపుతో చేపల వేటకు వెళ్తానంటే ఒప్పుకునేది కాదు.

రెండువేల మూడులో, వానాకాలం మొదట్లో, ఆవిడకు కుడి డొక్కలో పోటు పట్టుకుంది. గ్యాసనుకుని సోడా తాగింది, వాము నమిలింది. ఒంట్లో బలం చాలట్లేదేమోనని ఇంకో బిళ్ల ఎక్కువేసుకుంది. ఒకరోజు బస్సులోనే మెలికలు తిరిగిపోతే, తోటి చేపలమ్మే ఆడవాళ్లు గంపలు పక్కన పడేసి బందరు ఆసుపత్రికి మోసుకొచ్చారు. గణపతి తడిబట్టలతోనే పరిగెత్తుకొచ్చాడు. స్కానింగులో పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది.

"పొద్దున అన్నం బదులు నేను మింగిన బలం బిళ్లలే కరక్కుండా రాళ్లయ్యాయా అండీ?" అని రావమ్మ భయంగా అడిగింది.

డాక్టరమ్మ నవ్వలేదు. "లేదమ్మా. బిళ్లలు రాళ్లవవు, అలాగని అవి మింగితే అన్నం తిన్నట్టూ కాదు. రోజూ గంటల తరబడి ఏమీ తినకపోతే పైత్యరసం ఆ తిత్తిలోనే నిలవుండి చిక్కబడుతుంది. మీకు అదీ ఒక కారణం కావచ్చు, అదొక్కటేనని చెప్పలేను" అంది.

గణపతి తల దించుకున్నాడు. తనకు ఇన్నేళ్లూ కొసరి కొసరి వడ్డించిన మనిషి పొద్దున ఏం తింటోందో తనెన్నడూ అడగలేదు.

ఆపరేషనయింది. ఒళ్లు కుదుటపడి మళ్లీ గంప సర్దుకున్న రోజున, గణపతి ఆవిడకంటే ముందే లేచి పొయ్యి ముట్టించాడు. అన్నం కాస్త మెత్తబడింది, పప్పులో ఉప్పు మర్చిపోయాడు.

"బస్సెల్లిపోద్ది మావా" అంది రావమ్మ.

"ఎనకమాల ఇంకోటొస్తది. కూకో."

కూర్చుంది. ఉప్పు లేదని సణుగుతూనే కంచం ఖాళీ చేసింది. ఆనాటి నుంచి రోజూ తిన్నాకే రెండో బస్సెక్కేది. ఆవిడ లేని తొలి బస్సులో ఊసుపోవడం లేదని, కొన్నాళ్లకు తోటివాళ్లు కూడా ఒక్కొక్కరే ఆ రెండో బస్సుకే రావడం మొదలుపెట్టారు.