కిరసనాయిలు సీసా

పుంగనూరు హైస్కూల్లో సైన్సు చెప్పే సుభాన్ సార్ ప్రతి సోమవారమూ ఇంటినుంచి గుక్కెడు కిరసనాయిలు తెస్తాడు. "లాంతరుకే సాలకుండాది, ఆ సీసాకు యాల పోస్తావు?" అని భార్య గుల్జార్ బీ సణుగుతూనే ఉంటుంది. స్కూలు బీరువాలోని ఆ సీసా అడుగున, గాలి తగలకుండా కిరసనాయిల్లో మునిగి, బఠానీ గింజంత సోడియం ముక్క ఉంది. కిరసనాయిలు ఆవిరై తగ్గేకొద్దీ పోస్తుండాలి. ఆ ముక్క పోతే స్కూలుకు మళ్లీ రాదు. అందుకే ఏళ్ల తరబడి ఎవరికీ చూపించలేదు. మూలకాల పటాన్ని మేకుకు తగిలించి, చిరిగిన అంచును ఎడమచేత్తో నొక్కిపట్టి, బెత్తం కొనతో గడిగడినీ తాకుతూ వల్లె వేయిస్తాడు. సోడియం గడి దగ్గర ఏటా ఒకే మాట: "ఇది నీళ్లలో వేస్తే ఉరకతాది. మంచి క్లాసు వస్తే చూపిస్తా."

ఒక శుక్రవారం బెల్లు కొట్టాక పదో తరగతి కమలాక్షి గుమ్మంలో నిలబడింది. "రేపట్నించీ రాను సార్. పట్టుపురుగులకు ఆకు ఎయ్యల్లంట, మా నాయన మాన్పిస్తాండాడు. అది నిజ్జంగా ఉరకతాదా సార్?" ఇలాంటి నాయనల గడపలు సార్ చాలా ఎక్కి దిగాడు, ఇక ఓపిక లేదు. మెల్లగా బీరువా తాళం తీశాడు. ముక్క మీది తెల్లటి పొక్కును బ్లేడుతో గీకితే మెంతిగింజంత మెరుపు మిగిలింది. "దూరంగా నిలబడమ్మా." గిన్నెలోని నీళ్ల మీద అది బుసకొడుతూ అటూ ఇటూ పరుగెత్తి మాయమైంది. కమలాక్షి చప్పట్లు కొట్టబోయి చేతులు ఓణీలో దాచుకుంది. "ఉరికింది సార్," అంది.

సోమవారం సార్ అలవాటుగా సీసాలో కిరసనాయిలు పోశాడు. మూత బిగించాక గానీ లోపల ముక్క లేదని గుర్తురాలేదు. వంపేయడానికి చెయ్యి రాలేదు. అలాగే తాళం వేసి, పటాన్ని చుట్టి చంకలో పెట్టుకుని క్లాసుకు పోయాడు.