డాక్టర్ ప్రోసర్ కుడిచేయి

రబ్బరు తొడుగు వేసుకున్న అరచేతిలో కత్తెర పడితే ఒక చప్పుడు వస్తుంది, చిన్నగా చప్పట్లు కొట్టినట్టు. ఆపరేషన్ గదిలో కొత్త నర్సులకు పని నేర్పుతూ ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు డాక్టర్ ప్రోసర్ గుర్తుకొస్తారు.

ఆయనది బ్రిటన్‌లోని వేల్స్. బొగ్గుగనుల లోయలో, ఆదివారం చర్చికి వెళ్లకపోతే ఊరంతా అడిగే చోట పెరిగారు. భార్యకు ఉబ్బసం ఉంటే పొడిగాలి మంచిదని అమెరికాలోని అరిజోనా వచ్చి, ఆమె పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు. పొట్ట ఆపరేషన్లలో ఆయనది మంచి హస్తవాసి అని పేరు. 2004లో నేను ఇండియా నుంచి అరిజోనాలోని ఈ చాండ్లర్ ఊరికి వచ్చి, ఆయన పక్కన నిలబడి పనిముట్లు అందించే నర్సుగా చేరాను. సర్జన్ కళ్లు కోత మీదే ఉంటాయి. చేయి మాత్రం చాపుతాడు. తగిలినట్టు తెలిసేలా పనిముట్టును అరచేతిలో పెట్టాలి. మొదటిరోజు భయంతో మెల్లగా పెట్టాను.

"ఏంటమ్మా, చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచుతున్నావా? గట్టిగా పెట్టు!" అన్నారు. గదంతా నవ్వింది.

మాస్కు లోపల నేను ప్రతి రోగి కోసం ప్రార్థన చేసుకునేదాన్ని. ఆయన కనిపెట్టారు. తాను విశ్వాసం ఎప్పుడో వదిలేశానని చెప్పారు గానీ, చేతులు కడుక్కునేటప్పుడు పాడేవన్నీ చిన్నప్పటి కీర్తనలే. "నువ్వు దేవుడితో మాట్లాడు, నేను కుట్లు వేస్తాను. ఎవరి పని వాళ్లది," అనేవారు. ఆయన మళ్లీ విశ్వాసంలోకి రావాలని మా చర్చి సంఘంలో ప్రార్థన పెట్టించానంటే, "మీవాళ్లు బాగా పాడతారా?" అని మాత్రం అడిగారు.

ఒకసారి కాఫీ తాగుతూ, "నా చేతిని నాకంటే ఎక్కువ చూసేది నువ్వే, కరుణా. అది పనికిరాకుండా పోయిన రోజు నువ్వే చెప్పాలి. మిగతావాళ్లు మర్యాద కోసం ఊరుకుంటారు," అన్నారు. సరేనన్నాను. పెద్దాయన మాటవరసకు అన్నారనుకున్నాను.

2011లో ఒక ఆపరేషన్ మధ్యలో, "గట్టిగా పెట్టు," అన్నారు. నేను ఎప్పటిలాగే పెట్టాను. కాసేపటికి మళ్లీ అదే మాట. ఈసారి చప్పుడు వచ్చేలా పెట్టాను. ఆయన కోత మీంచి కళ్లు తిప్పి, పనిముట్టు వచ్చిందో లేదోనని తన చేతిలోకి చూసుకున్నారు. ఆ వేళ్లకు స్పర్శ తెలియడం లేదు.

ఇంటికొచ్చి మావారికి చెప్పాను. "ఆయన సర్జన్, నువ్వు నర్సువి. గ్రీన్ కార్డ్ ఇంకా చేతికి రాలేదు. కంప్లైంట్ చేశావంటే జాబ్ ఉంటుందా?" అన్నారాయన. మళ్లీ ఆయనే, "రేపు సర్జరీ ఎవరికి?" అని అడిగారు.

"ఇద్దరు పిల్లల తల్లికి."

"అయితే చెప్పెయ్," అన్నారు.

పొద్దున ప్రార్థన చేసుకుని వెళ్లాను. డాక్టర్ ప్రోసర్ కుళాయి దగ్గర పాడుకుంటూ చేతులు కడుక్కుంటున్నారు.

"డాక్టర్, నిన్న నేను గట్టిగానే పెట్టాను."

పాట ఆగింది.

"నాకంటే ముందు దేవుడికి చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"నీకు నోరెందుకిచ్చానన్నాడు, డాక్టర్."

ఆయన నవ్వారు. కళ్లు మాత్రం నవ్వలేదు. మోచేత్తో కుళాయి కట్టి, తన కింద పనిచేసే సర్జన్‌ను పిలిచి, "ఈ కేసు నీది. కరుణ నీ పక్కనుంటుంది, భయపడకు," అన్నారు. మెడలో నరం నొక్కుకుపోయిందని తర్వాత పరీక్షల్లో తేలింది. ఆయన మళ్లీ కత్తి పట్టలేదు.

ఆ రోజుల్లో నాకు కోపంగా ఉండేది, ఆయన మీద కాదు, నేను నమ్ముకున్న ప్రభువు మీద. ఇన్ని ప్రాణాలు నిలిపిన చేతిని ఎందుకు తీసుకున్నాడని ఉపవాసముండి అడిగాను. జవాబు రాలేదు.

కొన్ని వారాల తర్వాత, ఆపరేషన్‌కు ముందు రోగులు వేచి ఉండే గదిలోకి వెళ్తే, ఒక ముసలాయన మంచం పక్కన కుర్చీ వేసుకుని డాక్టర్ ప్రోసర్ కూర్చుని ఉన్నారు. ఆయన కుడిచేయి రోగి చేతిలో ఉంది. ఆ తర్వాత చనిపోయేదాకా, ఒంట్లో బాగున్న ప్రతి ఉదయమూ వచ్చి అలాగే కూర్చునేవారు. ఒకరోజు నేనే అడిగాను, "ఆ చేత్తో మీకేమైనా తెలుస్తుందా, డాక్టర్?"

"ఏమీ తెలియదు. వాళ్లకు తెలుస్తుందిగా," అన్నారు.

నా ప్రార్థనలు ఎండిపోయి, మోకాళ్ల మీద ఉన్నా ఏమీ తగలని రోజులు నాకూ వస్తుంటాయి. అలాంటి రోజుల్లో మత్తు ఎక్కేలోపు రోగి చేయి పట్టుకుంటాను. నాకేమీ తెలియకపోయినా వదలను.